వేషాలు అద్దెకు తేలేదు
(పిల్లల రెండు రోజుల శిబిరం గురించి మండల సమాఖ్య మహాజన సభలో చెప్పిన మాటలు)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు పొద్దున చదివారు. బ్యాంకు లింకేజీ సంగతి భోజనాల తర్వాత ఉంది. ఈ మధ్యలో మాకు అరగంట ఇచ్చి, బడి పిల్లల స్కౌట్ శిబిరం ఎట్లా జరిపామో చెప్పమన్నారు. లోపలికి వస్తుంటేనే ఇద్దరు అక్కలు ఆపి అడిగారు: "సంఘానికీ స్కౌట్లకూ ఏం సంబంధం? కిస్తీలు కట్టుకునుడే సరిపోతలేదు, మధ్యల ఇదొకటా?" అడగవలసిన మాటే. ముందు దానికే జవాబు చెప్తాం.

2024 నుంచి బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు నడుస్తున్నాయి. వాటికి అధ్యక్షురాలు మన గ్రామ సంఘం అధ్యక్షురాలే. పిల్లల యూనిఫాం కుడుతున్నది మన సంఘాల వాళ్లే. చాలా బడుల్లో మధ్యాహ్నం వంట చేస్తున్నదీ మన వాళ్లే. నల్లా పని, మరుగుదొడ్డి పని, కరెంటు పని చూస్తున్నాం. అంటే బడి గోడలకూ, పిల్లల కడుపుకూ, ఒంటి మీది బట్టకూ మనం కావాలి. మరి ఆ గోడల లోపల "మన సంస్కృతి" అని పిల్లలకు ఏం చూపిస్తున్నారో మనం అడగొద్దా? అడిగాం కనుకనే ఈ శిబిరం మన చేతికి వచ్చింది.

స్కౌట్స్, గైడ్స్ అంటే తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మెడలో స్కార్ఫు కట్టుకుని, ఎడమ చేత్తో షేక్‌హ్యాండ్ ఇచ్చుకునే పిల్లలను జెండా పండుగ రోజు చూసే ఉంటారు. వాళ్లే. మన దేశంలో ఈ సంస్థ పేరు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, 1950 నవంబరు 7న ఏర్పడింది. ఆడపిల్లల గైడ్స్ సంఘం 1951 ఆగస్టు 15న అందులో కలిసింది. పదేళ్ల లోపు ఆడపిల్లలను బుల్‌బుల్స్ అంటారు, పదేళ్లు దాటితే గైడ్స్. గైడ్స్ పిల్లలు ఆరు నుంచి ఎనిమిది మంది ఒక జట్టు అవుతారు. ఆ జట్టును పెట్రోల్ అంటారు. బండిలో పోసే పెట్రోల్ కాదు, పేరే అంత. జట్టుకొక లీడరు, ఆమెకొక తోడు, జట్టు పని జట్టే పంచుకోవాలి. మన చిన్న సంఘం లెక్కనే. అందుకే మనకు అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ స్కౌట్లు మన దేశానికి 1909లో బెంగళూరులో వచ్చినప్పుడు అది మన పిల్లల కోసం కాదు. తెల్లవాళ్ల రక్తం ఉన్న ఇండ్ల పిల్లలకే. మన పిల్లల కోసం మదరాసులో అనీబిసెంట్ లాంటి వాళ్లు వేరే సంఘం పెట్టవలసి వచ్చింది. ఎవరిని లోపలికి రానిస్తారు, ఎవరి పద్ధతిని పద్ధతి అంటారు అనే పంచాయితీ ఇందులో మొదటి నుంచీ ఉన్నదే. మన దగ్గరా అదే వచ్చింది.

ఫిబ్రవరి 22 స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పుట్టినరోజు. ఆయన భార్య ఓలేవ్ పుట్టినరోజు కూడా అదే. ప్రపంచమంతా గైడ్ పిల్లలు ఆ రోజు వేరే దేశాల గైడ్స్‌ను తలుచుకుంటారు. గైడ్స్ కోసం ప్రపంచంలో అయిదు కేంద్రాలుంటే అందులో ఒకటి మన దేశంలోనే, పుణెలో ఉంది. దాని పేరు సంగం, 1966 నుంచి నడుస్తున్నది. ఆ తేదీకి దగ్గరగా శని, ఆదివారాలు చూసి పిల్లలకు "మన సంస్కృతి" శిబిరం పెడతాం, వంటకు మీరు రండి అని బడి వాళ్లు కబురు పెట్టారు. వంటకు వస్తాం గానీ ముందు ఏం చేస్తారో చెప్పండి అన్నాం.

కాగితం చదివారు. స్టేజీ, షామియానా, సౌండు బాక్సులు. నాలుగు డ్యాన్సులు. ఒక డ్యాన్సుకు లంబాడీ డ్రెస్సులు పట్నం నుంచి అద్దెకు. ఒక డ్యాన్సుకు నెత్తిన ఉత్త బోనాలు. మధ్యలో అతిథుల ప్రసంగాలు. ముందు నడిచే ఊరేగింపుకు డప్పులు, వాటి ఎదురుగా "ఉచితం" అని రాసి ఉంది.

మా కమిటీలో తండా నుంచి వచ్చిన అక్క ఉంది. మీటింగుల్లో ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు లేచి నిలబడింది. "మా అమ్మ ఇప్పటికీ ఫేటియా, కాంచళి కట్టుకునే బస్సెక్కుతది. పక్కన కూసున్నోళ్లు జరుగుతరు. మా చిన్నపిల్ల బడికి పోయేటప్పుడు అమ్మమ్మను గేటు దాకా రావొద్దంటది, సిగ్గయితదని. గవే బట్టలు మీరు అద్దెకు తెచ్చి వేరే పిల్లలకు వేసి ఫోటోలు దిగితే సంస్కృతి అయితదా?" అని అడిగింది. అందరం గమ్మున ఉన్నాం. బడి సార్లు మంచివాళ్లే, చెడు ఆలోచనతో రాసుకున్న కాగితం కాదది. ఎప్పుడూ జరిగేదే రాసుకున్నారు, అంతే. కానీ ఆమె మాటకు జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఆ రోజు మినిట్స్ పుస్తకంలో మూడు తీర్మానాలు రాశాం. ఏ విద్య ఎవరిదో వాళ్లే వచ్చి నేర్పాలి. ఏది నేర్పొచ్చో, ఏది నేర్పొద్దో వాళ్లే చెప్పాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ రోజు కూలి, భోజనం ఇవ్వాలి. స్టేజీకి, సౌండుకు, అద్దె బట్టలకు అనుకున్న పైసలు ఉన్నాయి కదా, అవి మనుషులకు ఇద్దాం అన్నాం. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు కనుక రానుపోను ఖర్చు కూడా పెద్దగా కాలేదు. కొత్తగా ఒక్క రూపాయి చందా వసూలు చేయలేదు.

తండాకు మేమే పోయాం. అక్కడి పెద్దవాళ్లు తీజ్ ఆడించొద్దు అన్నారు. అది శ్రావణంలో పెళ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు చేసుకునే పండుగ, ఫిబ్రవరిలో ఉత్తగ చేసి చూపించేది కాదు. "కుట్టు నేర్పుతం, అద్దాలు అతికేది నేర్పుతం, గోర్ బోలిలో లెక్కలు నేర్పుతం" అన్నారు. బోనం సంగతీ అంతే. ఆషాఢంలో అమ్మవారికి ఎత్తేది, పిల్లల డ్యాన్సుకు ఎందుకు అని మన సంఘం అమ్మలే అన్నారు. దాన్ని తీసేశాం.

డప్పు దగ్గర ఎక్కువ చర్చ అయింది. కళాకారుల వాడలోనే రెండు మాటలున్నాయి. డప్పు మన కళ, నేర్పుదాం అని కొందరు. "మా తాతలను చావులకు పిలిచి, పైసలియ్యక కొట్టించిన్రు, మా పిల్లలు చదువుకోవాలె గాని డప్పు పట్టొద్దు" అని కొందరు చదువుకున్న పిల్లలు. రెండూ నిజమే. తీర్పు చెప్పడానికి మేమెవరం? వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని వారం తర్వాత కబురు చేశారు. వస్తాం, ఊరేగింపు ముందు నడవం, పాఠం చెప్పే సార్ల లెక్క కుర్చీ వేసి పిలిస్తే వస్తాం అన్నారు. ఆడపిల్లలకు కూడా నేర్పుతాం అని వాళ్లే అన్నారు. అది మేం అడగని సంగతి.

ఇక శనివారం పొద్దున. గైడ్స్ నాలుగు పెట్రోళ్లు, జట్టుకు ఎనిమిది మంది చొప్పున 32 మంది. బుల్‌బుల్స్ 24 మంది. జెండా ఎగరేసి, ప్రార్థన అయినాక మొదటి పాఠం ముడులు. స్కౌట్లకు ముడులు చాలా ముఖ్యం, గుడారం కట్టాలన్నా, దెబ్బ తగిలితే కట్టు కట్టాలన్నా. గైడ్ టీచరమ్మ తాడు పట్టుకుని షీట్ బెండ్ అనే ముడి చూపిస్తున్నది. ఒక లావు తాడునూ, ఒక సన్న తాడునూ కలిపేందుకు వేసే ముడి అది. మూలన కూర్చున్న ఒక అవ్వ, జీవితమంతా మగ్గం దగ్గర గడిపిన మనిషి, "గిది మేం పోగు తెగితే వేసేదే గదా" అన్నది. లేచి వచ్చి రెండు నూలు పోగులు తీసుకుని కనురెప్ప కొట్టేలోగా ముడి వేసింది. పిల్లలకు కనపడనే లేదు. మళ్లీ మెల్లగా వేయమన్నారు. టీచరమ్మ తన పుస్తకం తీసి చూసి, ఇంగ్లీషులో కూడా ఆ ముడికి నేతగాళ్ల ముడి అనే ఇంకో పేరుందని చెప్పింది. మగ్గం మీద సన్నగా, చిన్నగా రావాలి, లేకపోతే అచ్చు పన్నెలో తట్టుకుని పోగు మళ్లీ తెగుతుంది, తేడా అంతే. ఆ గంట అవ్వే పాఠం చెప్పింది.

తర్వాత గుంజకు వేసే క్లోవ్ హిచ్ ముడి వచ్చింది. ఇంట్లో మేకలు కట్టేసే ఒక పిల్ల దాన్ని చూడగానే ఒంటి చేత్తో వేసింది. చదువులో వెనకబడ్డ పిల్ల అని బడిలో పేరు. ఆ పూట ఆమె పెట్రోల్‌కు ఆమే ముడులు నేర్పింది. తాటిచెట్టు ఎక్కే ఒక అన్న మోకు, ముత్తాదు తెచ్చి, చెట్టు ఎక్కే ముందు తాడును ఎక్కడెక్కడ చేత్తో తడిమి చూసుకుంటాడో చూపించాడు. తాడు పిసరంత నలిగినా పక్కన పడేస్తాడట. బతుకంతా దాని మీదనే కదా. చెట్టు మాత్రం ఎక్కించలేదు, భయపడకండి.

మధ్యాహ్నం వేపచెట్టు కింద తండా అక్కలు కూర్చున్నారు. ఒక్కొక్కరి చుట్టూ ఎనిమిది మంది. చేతి గుడ్డ మీద అద్దం పెట్టి చుట్టూ దారం అల్లి నిలబెట్టడం నేర్పారు. అద్దానికి రంధ్రం ఉండదు, దారమే దాన్ని పట్టుకోవాలి. మొదట అడ్డం నిలువు నాలుగు దారాలు లాగి, వాటికి మెలికలు వేస్తూ చుట్టూ తిరగాలి. చాలామంది అద్దాలు జారి పడ్డాయి. సాయంత్రానికి ఒక్కొక్కరు ఒక్క అద్దం నిలబెట్టారు. ఒక్క ఫేటియా మీద ఎన్ని అద్దాలుంటాయో పిల్లలు లెక్కపెట్టబోయి వదిలేశారు. ఇది చేయడానికి ఎన్ని రోజులు పట్టిందమ్మా అని ఒక పిల్ల అడిగింది. అమ్మమ్మను గేటు దాకా రావొద్దన్న పిల్ల కూడా అక్కడే ఉంది. ఆ అమ్మమ్మ చెప్పే మాటలను తెలుగులోకి మార్చి చెప్పింది ఆ పిల్లే. ఎవరూ చెప్పమనలేదు.

బుల్‌బుల్స్‌కు ఆటలు పెట్టాం. చింతగింజలు ఒక వైపు అరగదీసి అష్టా చెమ్మా, వామనగుంటలు, అచ్చనగండ్లు, తొక్కుడు బిళ్ల. ఇవి నేర్పడానికి అమ్మల కన్నా నాయనమ్మలే ఎక్కువ వచ్చారు. అష్టా చెమ్మా దగ్గర ఇద్దరు నాయనమ్మలకు కాయ చంపిన కాడ లొల్లి కూడా అయింది. పిల్లలు పంచాయితీ చెప్పారు.

వంట సంగతి లెక్కతో చెప్తాం, రేపు మీరు చేస్తే పనికొస్తుంది. మధ్యాహ్న భోజనంలో చిన్న తరగతుల పిల్లకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు 150 గ్రాముల బియ్యం లెక్క. ఆ ప్రకారం 24 మందికి 2.4 కిలోలు, 32 మందికి 4.8 కిలోలు, మొత్తం 7.2 కిలోలు. నేర్పడానికి వచ్చినవాళ్లు, మేము కలిపి పెద్దవాళ్లు ఇరవై మంది దాకా అయ్యాం. ఎండలో ఎగిరిన పిల్ల రోజూ తినేదాని కన్నా ఎక్కువ తింటుంది. పూటకు 11 కిలోలు పెట్టాం, సరిపోయింది. మధ్యాహ్నం మనం వండాం. రాత్రి మాత్రం గైడ్స్ పెట్రోళ్లే మూడు రాళ్ల పొయ్యి మీద వండుకున్నారు. సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, కారం, కరివేపాకు వేసి కలిపి, గంజు అడుగున వేళ్లతో ఒత్తి, మధ్య మధ్యలో బొక్కలు పెట్టి నూనె పోసి మూత పెట్టడమే. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. రెండు జట్లవి ముక్కలుగానే వచ్చాయి, తినేశారు. కందగడ్డలు నిప్పుల్లో కాల్చుకున్నారు. పల్లీలు పడని పిల్ల ఎవరైనా ఉన్నారా అని ముందే తల్లులను అడిగి రాసుకున్నాం. మీరూ తప్పకుండా అడగండి. మాంసం పెట్టలేదు, కోడిగుడ్డు ఇష్టమున్న వాళ్లకు పెట్టాం. ఎవరికీ ఇబ్బంది రాలేదు.

పెట్రోళ్లలో అన్ని వాడల పిల్లలూ కలిసి ఉన్నారు. ఒకే గంజు, ఒకే గరిటె. ఒక ఇంటి నుంచి మా పిల్లకు టిఫిన్ డబ్బా పంపుతాం అన్నారు. ఎందుకో అందరికీ తెలుసు. శిబిరంలో వండిందే తినాలి, అది నియమం, ఇష్టం లేకపోతే పిల్లను పంపకండి అని మెత్తగానే చెప్పాం. రెండు రోజులు ఆలోచించి పంపారు. ఆ పిల్లే పిండి కలిపింది.

అన్నిటికన్నా కష్టమైంది రాత్రి. బుల్‌బుల్స్‌ను సాయంత్రమే ఇండ్లకు పంపేశాం. పదేళ్ల లోపు పిల్లలను రాత్రి ఉంచొద్దని ముందే అనుకున్నాం. కానీ గైడ్స్ ఉండాలి. శిబిరం అంటేనే ఒక రాత్రి ఇల్లు విడిచి ఉండటం. "ఆడపిల్లను రాత్రి బడిలో పండబెడ్తరా?" అని ఎన్ని ఇండ్లలో అడిగారో. మగపిల్లల శిబిరానికైతే ఈ మాట ఎవరూ అడగరు, అది వేరే సంగతి. కానీ తల్లుల భయం ఉత్త భయం కాదు కనుక వాదించలేదు. ఏం చేస్తామో చూపించాం. తల్లిదండ్రుల సంతకంతో కాగితం. రెండే గదులు, పక్కపక్కన. గదికి నలుగురు సంఘం అమ్మలు, ఇద్దరు పడుకుంటే ఇద్దరు మేలుకోవాలి. మరుగుదొడ్డి దాకా లైటు, నీళ్లు, ఒక్క పిల్ల పోకుండా జత. ప్యాడ్లు, జ్వరం మాత్రలు, కట్టు గుడ్డలు ఒక సంచిలో. ఆ రాత్రి ఆ కట్టడంలోకి మగవాళ్లెవరూ రావొద్దు, సార్లు కూడా బయటి గేటు దగ్గరే. ఏదైనా జరిగితే 1098కి ఫోన్ చేయాలని పిల్లలకే నేర్పాం. పిల్లల ఫోటోలు ఎవరూ స్టేటస్‌లో పెట్టొద్దు అన్నాం.

శుక్రవారం సాయంత్రం దాకా సగం సంతకాలు కూడా రాలేదు. అప్పుడు ఒక నాయనమ్మ "నేను నా మనవరాలితోని పంటా, మీ లెక్కలో నన్ను రాసుకోండ్రి" అని గొంగడి చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె వస్తుందని తెలిసి ఆ వాడలోని సంతకాలన్నీ వచ్చాయి. మిగతావీ ఒక్కొక్కటి వచ్చాయి. రాత్రి పిల్లలు పడుకున్నదీ తక్కువే, నవ్విందీ ఎక్కువ.

ఆదివారం పొద్దున డప్పు. ముందుగా నిప్పు చేసి డప్పులు కాచారు. తోలు వేడెక్కి బిగుసుకుంటేనే మోత పలుకుతుంది. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. ఒక దరువు రావడానికి గంట పట్టింది. అందులో ఒక పెద్దాయన, డప్పు ఎందుకు కొట్టించేవాళ్లో, అప్పుడు ఏం ఇచ్చేవాళ్లో, ఏం ఇచ్చేవాళ్లు కాదో పిల్లలకు చెప్పాడు. దాచలేదు. పిల్లలు విన్నారు. ఇట్లాంటి మాట స్టేజీ మీద మైకులో చెప్పే వీలుండేది కాదు.

మధ్యాహ్నం మోదుగ పూలు. ఫిబ్రవరిలో గుట్టల మీద పూయడం మొదలవుతుంది కదా, రాలిన పూలు ఏరుకొచ్చి నీళ్లలో ఉడికించాం. కాస్త పటిక వేస్తే రంగు గుడ్డకు బాగా పడుతుంది. తెల్ల గుడ్డను అక్కడక్కడ దారంతో గట్టిగా కట్టి ముంచితే, కట్టిన చోట తెలుపు మిగులుతుంది. పోచంపల్లిలో గుడ్డను కాదు, నేయకముందే నూలునే ఇట్లా కట్టి రంగు వేస్తారని అవ్వ చెప్పింది. పిల్లలంతా పసుపు రంగు చేతులతో ఇండ్లకు పోయారు.

సాయంత్రం కూలీలు పంచాం, అందరితో సంతకాలు తీసుకున్నాం. ఆ కాగితాలు, ఖర్చు లెక్క సమాఖ్య ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. డప్పు కళాకారుల్లో ఒకాయన సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితం మీద తన పేరు ముందు ఏం రాసి ఉందో చదివించుకున్నాడు. "శిక్షకులు" అని ఉంది. చదివినంక సంతకం పెట్టాడు.

వచ్చే ఏడాది రెండు బడుల్లో పెట్టాలని అడుగుతున్నారు. వరికోతలు, కొనుగోలు సెంటర్లు నడిచే రోజుల్లో పెట్టొద్దు, మనకు తీరదు. పదో తరగతి పరీక్షలకు అడ్డం రాకుండా ఫిబ్రవరే మంచిది. మీ ఊళ్లో బొంతలు కుట్టే అవ్వ ఉందా, బుట్టలు అల్లే అక్క ఉందా, కుండ చేసే అన్న ఉన్నాడా, ముందు వాళ్ల దగ్గరికి పోయి ఏది నేర్పుతారో, ఏది నేర్పరో అడగండి. ఆ పేర్లు వచ్చే కార్యవర్గ సమావేశానికి మీ గ్రామ సంఘం తరఫున రాసి తీసుకురండి. రాత్రి కాపలాకు వచ్చే అమ్మల పేర్లు వేరే కాగితం మీద రాయండి. పోయినసారి వచ్చిన నాయనమ్మ పేరు మేం ఇప్పటికే రాసుకున్నాం.